అంగుళాల వరుస

న్యూజిలాండ్‌లో టీ తాగుతారా అని ఒక్కసారే అడుగుతారు. ఈ విషయంలో నాకు చాలాకాలంగా ఒక చిన్న ఫిర్యాదు ఉంది. మనం "ఇప్పుడెందుకులెండి" అంటాం. అది ఆరంభం మాత్రమే. అవతలివాళ్లు "భలేవారే, కాస్త తాగండి" అనాలి. మనం "సరే, ఒక అరకప్పు" అనాలి. అప్పుడు నిండు కప్పు రావాలి. ఇక్కడివాళ్లు మాత్రం "ఇప్పుడెందుకు" దగ్గరే ఆగిపోయి, "ఓకే" అనేసి, తమవరకు కలుపుకొని మన ఎదురుగానే కూర్చుని తాగుతారు. ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలమంతా నేను పరాయి ఇళ్లలో టీని చూశానే గాని తాగలేదు.

దీనికీ గ్యాస్ బావుల మీద బిగించే వాల్వులకూ సంబంధం ఉంటుందని అప్పట్లో నాకు తోచలేదు.

రెండు వేల దశకం మధ్యలో నేను ఆక్లాండ్ శివారు పాపకూరలో ఒక వర్క్‌షాపులో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. పెద్దదేం కాదు. బాస్ ఈ చివర తుమ్మితే ఆ చివరి యంత్రం దగ్గరివాళ్లు "బ్లెస్ యూ" అనేవాళ్లు. తరనాకి వైపున్న గ్యాస్ బావులకు మేం వాల్వులు తయారుచేసేవాళ్లం. వాల్వును పైపుకు కలపడానికి అంచున గుండ్రటి పళ్లెం లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని ఫ్లాంజ్ అంటారు. దాని చుట్టూ బోల్టులకు రంధ్రాలుంటాయి. మా రంధ్రాలు అంగుళాల లెక్క. యూరప్ వాళ్లవి మిల్లీమీటర్ల లెక్క. దీని బోల్టు దాంట్లో పట్టదు. అసలు దూరకపోతే గొడవే లేదు. దూరినట్టే దూరి, సగంలో మొండికేస్తుంది.

ఈ వాల్వుల కోసం యూరప్‌కు ఒక స్టాండర్డ్, అంటే కొలతల నియమావళి, ఉంది, ప్రపంచానికి ఇంకొకటి ఉంది. ఒకే వస్తువు గురించి రెండు పుస్తకాలెందుకు, కలిపి ఒకటి చేద్దామని పెద్దలు నిర్ణయించారు. కలపడమంటే ఇద్దరూ చెరి కాస్త జరగడమని నేననుకున్నాను. కాదట. జరగనివాడి పక్కకు మిగతావాళ్లంతా వచ్చి నిలబడటమట. ప్రపంచ స్టాండర్డులో రంధ్రాల కొలతల పట్టికకు రెండు వరుసలుండేవి: ఒకటి మిల్లీమీటర్లు, ఒకటి అంగుళాలు. కొత్త ముసాయిదాలో అంగుళాల వరుస ఎగిరిపోయింది.

ఆ కాగితం చూపిస్తే బాస్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన ఏ కాలంలోనైనా నిక్కరుతోనే తిరిగే భారీ మనిషి. ఆయనకు ముందు ఆ షాపు వాళ్ల నాన్నది. ఆ వరుస పోతే తన దగ్గరున్న అచ్చులన్నీ పాతసామానుకు పోతాయని, కొత్తవి కొనే తాహతు తనకు లేదని, షాపుకు తాళం వేయాల్సిందేనని మెల్లగా చెప్పాడు. నేను లోపలున్నా బయటున్నా తాళం తాళమే కనక నాకూ ఆ వరుస మీద అభిమానం కలిగింది.

అదృష్టమో ఏమో, ఆ స్టాండర్డు రాసే అంతర్జాతీయ బృందం వంతులవారీగా దేశాలు తిరుగుతూ ఆ జులైలో ఆక్లాండ్‌కు వచ్చింది. న్యూజిలాండ్ ప్రతినిధి వర్గం అంటే నేను. ఇంకెవరికీ ఆసక్తి లేకపోయింది. అమెరికా వాళ్లు రాలేదు. ప్రపంచం ఏం తీర్మానించినా తాము అంగుళాల్లోనే ఉంటామని వాళ్లకు ముందే తెలుసు, విమానం టికెట్ దండగ. బృందం నియమం తేలికైనది. ఏ దేశమైనా గట్టిగా అభ్యంతరం చెబితే మార్పు ఆగిపోతుంది. ఎవరూ నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టే.

"మేట్, అభ్యంతరం ఉందా అని అడుగుతారు. ఉంది అను. తర్వాత ఇంటికొచ్చి పడుకో," అన్నాడు బాస్.

అధ్యక్షురాలు నార్వే నుంచి వచ్చింది. పొడుగ్గా, శుభ్రంగా, కొత్తగా చెక్కిన పెన్సిల్‌లా ఉండేది. మొదటిరోజు మధ్యాహ్నం ఆ పట్టిక దగ్గరకు వచ్చేసరికి ఆమె నా వైపు తిరిగి, న్యూజిలాండ్‌కు అభ్యంతరమేమైనా ఉందా అని అడిగింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషితో మొహం మీదే "ఉంది" అని ఎలా అంటాం? పెద్ద ఇబ్బందేం లేదండీ, కాకపోతే, అన్నాను. ఆ "కాకపోతే" ఇంకా గాలిలో ఉండగానే ఆమె "ఇబ్బంది లేదు" అని రాసుకొని పేజీ తిప్పేసింది. మళ్లీ అడుగుతుందేమోనని సాయంత్రం దాకా కూర్చున్నాను. మూడు పేజీల తర్వాత నట్టు మందం గురించి అడిగింది. దాని మీద నాకేం పట్టింపు లేదు.

వచ్చిన బృందానికి ఆతిథ్య దేశం ఒకపూట భోజనం పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఆతిథ్య దేశం కూడా నేనే కనక, ఆ సాయంత్రం అందరూ మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటికి వచ్చారు.

మా ఆవిడ ఇక్కడ ఫార్మసీలో పనిచేసేది. ఆవిడది అమలాపురం దగ్గర ఊరు, మాది అనంతపురం. మా వైపు ఇంకాస్త వడ్డించమంటారా అని రెండు మూడుసార్లు అడిగి వదిలేస్తారు. వాళ్ల వైపు అడగడం మొదలవుతుందే గాని, ఆపడం ఎక్కడో ఎవరూ చూడలేదు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారింట్లో నేను విస్తరి మీద అడ్డంగా పడుకున్నంత పనిచేశాను. ఆ సాయంత్రం గారెలు, పులిహోర, గుత్తివంకాయ, కూమరా ముక్కలేసిన పులుసు, బొబ్బట్లు. కూమరా అంటే ఇక్కడి చిలగడదుంపే, కాస్త గర్వం ఎక్కువ.

అధ్యక్షురాలు రెండు గారెలు తిని, చాలు, వద్దు అంది. మా ఆవిడ నవ్వి ఇంకో రెండు వేసింది. ఆమె మర్యాద కొద్దీ అవి తిని, ఈసారి ఇంకాస్త గట్టిగా వద్దంది. పులిహోర పడింది. ఆమె చేత్తో కంచాన్ని మూసింది. మా ఆవిడ ఆ చెయ్యి ప్రేమగా పక్కకు జరిపి బొబ్బట్టు పెట్టి, దాని మీద నెయ్యి పోసింది. మిగతా ప్రతినిధులు ఇదంతా గమనించి ముందుజాగ్రత్తగా నెమ్మదిగా నమలడం మొదలుపెట్టారు.

చివరికి ఆమె నా వైపు వంగి, మీ ఆవిడకు వినికిడి సమస్య ఏమైనా ఉందా అని అడిగింది. లేదని, మాలో మొదటి వద్దు మర్యాద కోసమని, రెండోది కూడా దాదాపు అంతేనని, మనసులో మాట తెలియాలంటే కనీసం మూడోసారి దాకా అడగాలని చెప్పాను. ఆమెకు పద్ధతులంటే ప్రాణం. కళ్లు మెరిశాయి. మరి మూడోసారి నిజంగానే వద్దంటే ఏం చేస్తారంది. అలా జరిగినట్టు నాకు గుర్తులేదన్నాను.

ఆమె కాసేపు బొబ్బట్టు వైపు చూసింది.

"ఇవాళ మధ్యాహ్నం మీరు ఇబ్బంది లేదన్నారే. అది ఎన్నోసారి జవాబు?"

"మొదటిదండీ."

"అంటే ఇబ్బంది ఉందా?"

కాస్త ఉందన్నాను. మా బాస్ షాపు మూసేసేంత. ఆమె ఫోర్కు కింద పెట్టేసింది. రేపు పొద్దున పని మొదలయ్యే ముందు ఇవాళ్టి తీర్మానాలు చదివి వినిపిస్తానని, అప్పుడు అభ్యంతరం చెప్పడానికి నియమాలు ఒప్పుకుంటాయని, అది దాటితే తన చేతుల్లోనూ ఏమీ ఉండదని చెప్పింది. మా ఆవిడ ఇదంతా విని, పులుసు గిన్నె పట్టుకొనే తెలుగులో అందుకుంది.

"ఏవండీ, ఉద్యోగం ఊడేటప్పుడు కూడా మొహమాటమేనా?"

మర్నాడు పొద్దున సభ జరిగే చోటికి నన్ను కారులో దింపుతూ ఆవిడే అధ్యక్షురాలైంది. ప్రతి సిగ్నల్ దగ్గరా నా వైపు తిరిగి అడిగేది.

"అభ్యంతరం ఉందా?"

"ఉందండీ."

"అండీ ఎందుకు? అక్కడే కరిగిపోతున్నారు. మళ్లీ. అభ్యంతరం ఉందా?"

"ఉంది."

"ఆ నవ్వేంటి మరి?"

డామినియన్ రోడ్ దాటేసరికి నవ్వు కూడా పోయింది. దిగేటప్పుడు నేను నిజంగానే ఎవరి మీదో కోపంగా ఉన్న మనిషిలా ఉన్నానని ఆవిడ సంతృప్తి పడింది.

బాస్ కూడా వచ్చాడు. పరిశీలకుడిగా గోడ పక్క కుర్చీలో కూర్చోవచ్చు గాని మాట్లాడకూడదన్నారు. చలి కదా అని ఉన్ని మేజోళ్లు మోకాళ్ల దాకా లాగి, నిక్కరు మాత్రం యథాతథంగా ఉంచాడు. అధ్యక్షురాలు తీర్మానాలు చదివి, పట్టిక దగ్గర ఆగి, నన్నే చూసింది. అభ్యంతరం ఉందా?

"ఉంది," అన్నాను. అండీ లేదు, నవ్వు లేదు. గోడ పక్కన బాస్ బొటనవేలు పైకి లేచింది. నా జీవితంలో అంత పొట్టి వాక్యం నేనెప్పుడూ సభలో మాట్లాడలేదు. అది అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది.

కాని ఆమె రాత్రి నేర్చుకున్నది మరిచిపోయే మనిషి కాదు. మా పద్ధతిని గౌరవించాలని నిశ్చయించుకొని వచ్చినట్టుంది. కలం పైకెత్తి ఉంచి, ఎంతో మన్ననగా రెండోసారి అడిగింది: నిజంగానే అభ్యంతరం ఉందా?

రెండోసారి అడిగితే నాలో ఏదో కదులుతుంది. ఉందనుకోండి, అన్నాను, కొంచెం.

బొటనవేలు వంగింది.

మూడోసారి ఆమె ఇంకాస్త ముందుకు వంగి, మా ఆవిడ నెయ్యి గిన్నె పట్టుకొని నవ్వినట్టే నవ్వి, నా మనసులో మాటేమిటో చెప్పమంది. నన్ను మూడుసార్లు అడిగారు. మా వంశంలో మూడోసారి అడిగాక కాదన్నవాడు లేడు. దీని కోసం నేను సన్నద్ధం కాలేదు; కారులో మా ఆవిడ ఒక్కో సిగ్నల్‌కు ఒక్కసారే అడిగింది. పోనీలెండి, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి మీ ఇష్టం, అనేశాను.

బాస్ లేచి నిలబడ్డాడు. మాట్లాడకూడదన్న నియమం గుర్తొచ్చి నోరు మూసుకునే ఉన్నాడు గాని, ఆ మొహం ఏ భాషలోనైనా చదవొచ్చు. ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది, తన చేతిలోని కలాన్ని చూసింది.

ఇది మీ భోజనాల బల్ల కాదు, ఇక్కడ మొదటి మాటే లెక్క, అని చెప్పి, న్యూజిలాండ్ అభ్యంతరం ఉంది, అంగుళాల వరుస అలాగే ఉంటుంది, అని పైకి చదువుతూ రాసింది. బాస్ కూర్చున్న చప్పుడు గదంతా వినిపించింది. నేను థాంక్యూ చెప్పబోతే ఆమె చెయ్యెత్తి ఆపి, కలానికి మూతపెట్టి, అందరూ వింటుండగా అడిగింది.

"మీకు అసలు కావలసింది ఆ వరుసా, లేక మిమ్మల్ని బతిమాలడమా?"