చేపకంటే ముందు మామయ్య

చేపల తొట్టి కింద అద్దం పెట్టింది నేనే. ఈ సంగతి ఇప్పటిదాకా మా అక్కకి తెలియదు. ఇది చదివాక తెలుస్తుంది, అక్క పళ్ళ డాక్టరు కాబట్టి ఆ తర్వాత నా పళ్ళకి ఎవరూ పూచీ పడరు. అయినా నేను చెప్పాలని కూర్చున్నది నా గొప్ప గురించి కాదు, మా మామయ్య జబ్బు గురించి. ఆ జబ్బు పేరు "ముందు నేను".

ఇంటికి కొత్త కుర్చీ వస్తే మొదట కూర్చునేది ఆయన. కొత్త లిఫ్టు ఎక్కేదీ ఆయనే. కెటిల్లో టీ వస్తే మొదటి గుక్క ఆయన గొంతులోకే. వీధి వాననీళ్ళలో మునిగితే మమ్మల్నందర్నీ మోచేత్తో వెనక్కి నెట్టి తనే దిగుతాడు, అదేదో పన్నీటి మడుగైనట్టు. చిన్నప్పుడు నాకు కొన్న సైకిలు కూడా వీధి చివరిదాకా ఆయనే తొక్కుకెళ్ళి, తిరిగొచ్చి, మోకాలు దులుపుకుంటూ బ్రేకు బిగించుకోమన్నాడు. నేను ఆ రోజంతా అన్నం మానేసి అలిగాను.

ఆయనది పరుపుల కొట్టు. వచ్చిన ప్రతి పరుపు మీదా ముందు తను ఒక కునుకు తీస్తాడు. కొనేవాళ్ళు ఆయన లేచేదాకా నిలబడాలి. "మా ఆయన కొట్టులో కొత్త పరుపు అంటూ దొరకదు" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఇక అక్క సంగతి. పిల్లలకి పళ్ళు చూసే క్లినిక్ కొత్తగా తెరిచింది. పిల్లలు గుమ్మంలోనే గుక్కపట్టి ఏడుస్తుంటే, బెంచీ ఎదురుగా ఒక గాజు తొట్టి, అందులో నారింజ రంగు చేపలు ఉంటే బాగుంటుందనుకుంది. మామయ్య అప్పుడు సరుకు కోసం వేరే ఊరు వెళ్ళాడు. దాంతో తొట్టి అమర్చే పని నా మీద పడింది. అడుగున రాళ్ళు పోస్తానంటే అక్క ఒప్పుకోలేదు. పళ్ళ సందుల్లో ఇరుక్కున్నవి తియ్యడం చాలదా, రాళ్ళ సందుల్లోవి కూడా తియ్యాలా అంది. సరే, అడుగు బోసిగా ఉంచాం. అప్పుడే నా బుర్ర మెరిసింది. తొట్టికీ స్టాండుకీ మధ్య ఒక అద్దం పెడితే, కొన్నదానికి రెట్టింపు చేపలు కనిపిస్తాయి కదా. ఎవరికీ చెప్పకుండా పెట్టేశాను. గాజు భలే మెరుస్తోందని అక్క మురిసిపోయింది.

చేపలు మురిసిపోలేదు. ఒక మూలకి చేరి ఒకదాన్నొకటి తోసుకుంటూ, రంగు వెలిసిపోయి, వేసిన మేత ముట్టకుండా ఉండిపోయాయి. ఒక పాప తొట్టిలోకి తొంగిచూసి, "చేపలకే ఇక్కడ భయంగా ఉంది, నేను ఇంటికెళ్తా" అని ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు బెంచీ చివరిదాకా పాకింది. ఆ పూట కుర్చీ ఎక్కినవాళ్ళు లేరు. చేపలు ఇలాగే ఉంటే బతకవు, క్లినిక్కూ బతకదు, తొట్టి తిరిగి ఇచ్చేద్దాం అంది అక్క. అన్నప్పుడు మొహం నాకు చూపించలేదు.

అద్దం లాగేద్దామంటే తొట్టి నిండా నీళ్ళు, కదిపితే పగులుతుంది. నిజం ఒప్పుకుందామంటే అక్క చేతిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక పరికరం ఉంటుంది.

ఊరి నుంచి మామయ్య దిగాడు. చేపల్ని చాలాసేపు చూశాడు. తర్వాత గాజు టీపాయ్ మీది పుస్తకాలు పక్కన పెట్టి, "ముందు నేను" అంటూ దాని మీద బోర్లా పడుకున్నాడు. టీపాయ్ మూలిగింది. బెంచీ మీద పిల్లలు ఏడుపు మధ్యలో ఆపారు.

"ఏం కనిపిస్తోంది మామయ్యా?"

"గాజు కింద ఒకడున్నాడు. నన్నే చూస్తున్నాడు. నేను జరిగితే వాడూ జరుగుతున్నాడు."

"అది నువ్వే."

"నాకు తెలుసురా. చేపకెవడు చెప్తాడు?"

లేచి తీర్పు చెప్పాడు. పొట్ట కింద నేల ఉన్నట్టే లేదు, కళ్ళు తిరుగుతున్నాయి, అడుగు నల్లబడాలి. నా పాపం కడుక్కుందామని నేను పరుగున వెళ్ళి నల్లరంగు డబ్బా తెచ్చాను, తొట్టి లోపల పూసేద్దామని. మామయ్య ఆ రంగు ముందు ఒక గ్లాసు లోపల పూసి, ఆరాక నీళ్ళు పోసి, మర్నాటిదాకా ఉంచాడు. ముందు నేను అంటూ గ్లాసు ఎత్తాడు గానీ ముక్కు దాకా వచ్చేసరికి దించేశాడు.

"నేను తాగలేనిది వాటి చేత తాగిస్తావా? అవి అందులోనే కాపురం ఉండాలి."

పోనీ లోపల నల్ల ప్లాస్టిక్ కాగితం పరుద్దామన్నాను. దాని కింద మేత చేరి కుళ్ళుతుందని అక్క కొట్టిపారేసింది. అప్పుడు మామయ్య గడ్డం గోక్కుంటూ, నలుపు కనిపించాలి గానీ నీళ్ళలో ఎందుకుండాలి, గాజుకి బయటుంటే సరిపోదా అన్నాడు. అంతే, కొట్టుకి వెళ్ళి తొట్టి కొలతకి నల్ల ఫోము కోసుకొచ్చాడు. వచ్చేసరికి ఆయన చెంప మీద ఫోము అచ్చులు పడి ఉన్నాయి. దాని మీదా కునుకు తీశాడన్నమాట.

చేపల్ని వాటి నీళ్ళతోనే బకెట్లోకి మార్చాం. మిగతా నీళ్ళు కూడా మామయ్య పారబోయనివ్వలేదు, వాటికి అలవాటైన నీళ్ళట. అక్క లోపల పరికరాలు మరగబెట్టుకుంటోంది. చెరో పక్క పట్టుకుని ఖాళీ తొట్టి ఎత్తాం. కింద అద్దం తళతళలాడుతోంది. నేను ఫ్యాను రెక్కలు చూడసాగాను. మామయ్య అద్దాన్ని చూశాడు, నన్ను చూశాడు, అద్దం తీసి తన సంచిలో పడేసి ఫోము పరిచాడు. తొట్టి దించి, నీళ్ళు పోసి, సబ్బు లేకుండా కడుక్కున్న చెయ్యి మోచేతిదాకా ముంచి, ఇక వాటిని వదలమన్నాడు.

మొదట ఒకటి మూల వదిలింది. తర్వాత రెండోది. మర్నాటికి మేత కోసం కొట్లాట. వారం తిరిగేసరికి నల్లటి అడుగు మీద ఆ నారింజ రంగు నిప్పుకణికల్లా వెలిగిపోతుంటే, పిల్లలు గాజుకి ముక్కులు ఆనించి వరస కోసం పోట్లాడుకున్నారు. అక్క ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేకపోయింది.

ఆ పాప కూడా మళ్ళీ వచ్చింది. చేపలకి భయం పోయిందని ఒప్పుకుంది, తనకి పోలేదంది. అక్కడే ఉన్న మామయ్య "ముందు నేను" అని కుర్చీ ఎక్కి నోరు తెరిచాడు. చిన్నపిల్ల వరస కూడా వదలడు చూడండి అని నేను నవ్వాను. అక్క నవ్వలేదు. ఆయన నోట్లోకి దీపం తిప్పి, వెనకాల పన్ను లేని చోటు పాపకి చూపించింది.

"నేను చదువుకునేటప్పుడు చేతులు వణికేవి. ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదు. పుచ్చిన పన్ను దాచుకుని మరీ నా దగ్గరికొచ్చాడు. నేను తీసిన మొదటి పన్ను ఈయనదే."

"నొప్పెట్టిందా?" అంది పాప.

"మీ డాక్టరమ్మకి అప్పుడు చెప్పలేదు," అన్నాడు మామయ్య. "ఇప్పుడు నొప్పి లేదు. చెయ్యి కుదిరింది."

పాప ఎక్కి కూర్చుంది. నాకెందుకో చిన్నప్పటి సైకిలూ, దాని బ్రేకూ, ఆయన మోకాలూ గుర్తొచ్చాయి. అయితే మెత్తబడినట్టు కనిపించడం నా ఒంటికి పడదు. అందుకే బయటికొచ్చాక అడిగాను, "అన్నిటికీ నువ్వే ముందా మామయ్యా? ఒక్కసారైనా మమ్మల్ని ముందు వెళ్ళనివ్వవా?"

ఆయన సంచిలోంచి అద్దం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఒక్కసారి నేను ఊళ్ళో లేను, ఒక్కసారి నువ్వు ముందు వెళ్ళావు అల్లుడూ. చేపలు ఇంకా చెప్పుకుంటున్నాయి."