తాళాలత్త పరీక్ష

కొత్త తాళం బిగించాక తాళాలత్త, తాళంచెవులన్నీ ఇంటావిడ చేతిలో పెట్టి, ముందే చెప్పి మరీ బయటికొచ్చి తలుపు బాదుతుంది. మొగుళ్ల దెబ్బలు పడలేక వచ్చేసిన ఆడవాళ్ల గదులకు తాళాలు వేయడం ఆమె పని. స్క్రూలు పెదాల మధ్య పట్టుకునే కబుర్లు చెబుతుంది. ఈ ఉదయం మిలటరీ క్వార్టర్స్ వదిలొచ్చిన ఒక సైనికుడి భార్య వంతు. ఆమె తొలి దెబ్బకే తలుపు తీసేసింది.

"ఎవరని అడగవేంటే తల్లీ?"

"ఆలస్యమైతే ఆయన కొట్టేవారత్తా. చెయ్యి దానంతటదే గడియ మీదికి పోతుంది."

"పోతే వెనక్కి లాక్కో. మళ్లీ చూద్దాం."

రెండోసారీ తీసేసింది. తాళాలత్తకు హుషారెక్కింది. ఈసారి తలుపును భుజంతో గుద్దుతూ, గొంతు మార్చి, మేడంతా అదిరేలా "తియ్యవే" అని అరిచింది. లోపల అడుగులు పరుగున వచ్చి ఆగాయి.

"ఎవరు?"

"నేనే, తాళాలత్తని. నెగ్గావు, ఇక తియ్యి."

"తీయను."

"నా పనిముట్ల సంచి లోపలే ఉందే."

"ఉండనీ అత్తా. నాకు తీయాలనిపించినప్పుడు తీస్తా," అంది లోపలి గొంతు, నవ్వాపుకుంటూ.

తాళాలత్త మెట్టు మీద చతికిలబడి, తర్వాత వెళ్లాల్సిన ఇంటికి ఫోన్ చేసింది. "కాస్త ఆలస్యమవుతుందమ్మాయ్. ఇక్కడ నాకు తలుపు తీయట్లేదు," అని గొప్పగా చెప్పింది.