తాళం ఫోటో రాని రోజు తార్నాకకు

గోల్నాక నుంచి తార్నాకకు గంట దారి. నాకు ఏడు నెలలు పట్టింది. ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉంటారు, బయటపడరంతే.

పీహెచ్‌డీ సమర్పించే ముందు యూనివర్సిటీలో అందరి ముందూ ఒక సెమినార్ ఇవ్వాలి. మొదటిసారి విద్యానగర్‌లోనే బస్సు దిగి వెనక్కి వచ్చేశాను. రెండోసారి తార్నాక దాకా వెళ్లి, రోడ్డు దాటి, అవతలి స్టాపులో ఇంటి బస్సెక్కాను. రెండుసార్లూ ఒకటే గోల: ఇంటికి తాళం వేశానా, గ్యాస్ కట్టేశానా? రెండూ సరిగ్గానే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు మా ఆయన సుధాకర్ ఒక ఉపాయం చేశాడు. నేను ముందు బయల్దేరతాను, తను తర్వాత ఇంటికి తాళం వేసి ఫోటో పంపుతాడు. గ్యాస్ రెగ్యులేటర్‌ది ఒకటి, తాళానిది ఒకటి. ఆ రెండు ఫోటోల మీదే ఇన్నాళ్లూ బడికి వెళ్లి పాఠాలు చెప్పాను. కానీ ఈసారి సెమినార్‌కు మూడు రోజుల ముందు వాళ్ల అక్క ఎదుట నవ్వుతూ, "నేను మొగుణ్ని కాదక్కా, ఈమె తాళానికి చౌకీదార్‌ని" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు.

సెమినార్ రోజు పొద్దున ఎనిమిదీ నలభైకి బయల్దేరాను. అంబర్‌పేట దాకా షేర్ ఆటో, అక్కణ్నుంచి బస్సు. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. ఫోటో తొమ్మిదీ ఇరవైకి రావాలి. తొమ్మిదీ ముప్పై అయింది, విద్యానగర్ వచ్చింది, ఫోటో రాలేదు. "తాళం?" అని మెసేజ్ పెట్టాను. చూశాడు, జవాబు లేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

పక్క సీట్లో కూరగాయల సంచీతో ఉన్న పెద్దావిడ లాలాపేట్ వెళ్తోంది. "ఏం బిడ్డా, ఫోన్ దిక్కే సూస్తున్నవ్, ఇంట్ల ఎవలికన్న బాగలేదా?" అంది. ఆపుకోలేక తాళం సంగతంతా చెప్పేశాను.

"తాళానికా! మా ఇంట్ల ఏడుగురం బిడ్డా, తాళం అవసరమే పడదు. ఒక్క దినమన్న ఇంటికి తాళమేసి ఎటన్న పోవాలనుంటది నాకు."

ఆమె నవ్వలేదు, నేనూ నవ్వలేదు. అడిక్‌మెట్ దాటేదాకా నా చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది.

తొమ్మిదీ యాభైకి తార్నాకలో దిగాను. నాలాంటి వాళ్లకు నా సలహా ఒక్కటే: ఇక్కడ దిగినవాళ్లు అవతలి స్టాపు వైపు చూడకూడదు. నేను చూశాను. ఇంటి వైపు బస్సు కూడా వచ్చి ఆగింది. ఖాళీ సీట్లు కనిపిస్తున్నాయి! కాళ్లు అటే లాగాయి. సుధాకర్ మీద కోపం లేకపోతే ఎక్కేసేదాన్నే. నీ ఫోటో లేకపోయినా వెళ్లి చూపిస్తానని పళ్లు బిగించి క్యాంపస్ వైపు నడిచాను.

లోపల చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాల మీద ఒరిగిపోయి ఉన్నారు. క్యాంటీన్‌లో టీ తీసుకుని సగంలోనే వదిలేశాను. పదకొండింటి సెమినార్‌కు ఐదు నిమిషాలుందనగా జూనియర్ లావణ్యకు ఫోన్ ఇచ్చి, "నేను అడిగినా ఇవ్వకు" అన్నాను.

"నిజంగ అడిగితే ఏం చెయ్యాలక్కా?"

"పారిపో."

గైడ్ మేడం నన్ను చూసి, "వచ్చావా తల్లీ!" అన్నారు. సెమినార్ మొదలుపెట్టాను. ఒకసారి మధ్యలో ఆగిపోయి నీళ్లు తాగాను. ఇంట్లో పొగ వస్తున్నట్టే ఉంది. అయినా చెప్పాను. ముప్పావుగంట చెప్పాను.

బయటికొస్తే చెట్టు కింద బండికి ఆనుకుని, హెల్మెట్ చేతిలో పట్టుకుని సుధాకర్!

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"ఎత్తి ఏం చెప్పాలె? కోపంల ఎట్లొచ్చిన్నో ఏమో, తాళం వేసిన్నో లేదో నాకే యాది లేదు. వెయ్యలేదంటే నువ్వు ఎనుకకొస్తవ్. వేసిన్నని అబద్ధం చెప్ప బుద్ధి కాలే."

"మరి ఇంటికెళ్లి చూడొచ్చుగా?"

"పోదామనే ఆఫీసు నుంచి వెళ్లిన. నడుమల నువ్వు యాదికొచ్చినవ్. నువ్వు ఎనుకకొస్తె ఆపుదామని తార్నాకల ఇంటి బస్సాగే స్టాపు కాడ్నే గంటసేపు నిలబడ్డ. నువ్వు రాలే. మస్తు ఖుషీ అయింది." కాసేపు హెల్మెట్ పట్టీ నలిపాడు. "ఒకటి చెప్పనా? ఆ ఫోటోలు నీకు పంపి పంపి నాకూ అలవాటైంది. ఆఫీసుల కూసొని దినాం నాలుగైదు సార్లు నేనే తీసి చూస్తున్న. అక్క ముందట ఆ చిరాకే బయటపడ్డది."

నా భయాన్ని ఇన్నాళ్లూ ఆయనకు అంటించానని నాకు తట్టనే లేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, క్యాంపస్‌లో, పిల్లలు చూస్తుండగా.

తార్నాకలో భోజనం చేశాం. ఇద్దరమూ తాళం మాట ఎత్తలేదు. బండి మీద విద్యానగర్ మీదుగా మూడింటికి గోల్నాక చేరాం. మెట్లెక్కి చూస్తే తాళం వేసే ఉంది. తాళంచెవి మాత్రం దానికే వేలాడుతోంది. పొద్దుట్నుంచీ ఎవరు వచ్చినా తలుపు తీయగలిగేవాళ్లే.

కింద వాటా ఇంటావిడ సరళక్క తల బయటపెట్టింది. "పొద్దుగాల్నే చూసిన. తీసి దాచిపెడదామనుకున్న గని, నీ తాళం ముట్టుకుంటె నువ్వు ఆగమాగమైతవ్ గదా, అందుకే ఊకున్న!"

సుధాకర్ తాళంచెవి తిప్పబోయాడు. "ఆగు, ముందు ఫోటో తియ్యి" అన్నాను.

పాత ఫోటోలన్నీ ఇద్దరమూ తీసేశాం. ఇది మాత్రం నా ఫోన్‌లో ఉంచుకున్నాను. బస్సులో గుండె దడ మొదలైతే తెరిచి చూస్తాను: తాళం, దానికే వేలాడుతున్న చెవి, పక్కన వంకరగా పడిన సుధాకర్ బొటనవేలు. ఆ రోజంతా ఇల్లు అలాగే ఉంది, నేను తార్నాకలో ఉన్నాను.