చదును నేల మీద నిచ్చెన

మా బావ పోయి చాలా ఏళ్లయింది. అయినా వేలూరులో మూడో అంతస్తు గోడ మీద నేను నడుస్తుంటే ఆయన నా వెనకే వస్తుంటాడు. భయపడకండి, జుట్టు విరబోసుకుని కాదు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, అడుగుకు అడుగు ఆనించుకుంటూ వస్తాడు. నేను ఆగితే తనూ ఆగుతాడు. వెనక్కి తిరిగితే ఉండడు. బతికున్నప్పుడూ అంతే, పిలిస్తే తప్ప ముందుకొచ్చే మనిషి కాదు.

మాది ఇళ్లు కట్టే కుటుంబం. ఇంట్లో తెలుగు, పనిలో అరవం. ఆరో తరగతిలో నేను బడికి దండం పెట్టాను. బడి కూడా సంతోషంగా తిరిగి దండం పెట్టింది. తెలుగు అక్షరాలు చిత్తూరు పక్కకు పనికి పోయినప్పుడు, గోడల మీది సినిమా పోస్టర్లు కూడబలుక్కుని నేర్చుకున్నవి.

బావ అంటే మా అక్క మొగుడు. కాపురం గుడియాత్తంలో. రాతి పనిలో ఆయన చెయ్యి వేరు. బండను సుత్తితో ఒకసారి తట్టి, చెవి పెట్టి విని, ఎక్కడ పగులుతుందో చెప్పేవాడు. మాట మాత్రం తక్కువ. ఎగతాళి అంటే ఆయనకు కోపం కాదు, అసలు అర్థమయ్యేదే కాదు. ఒకసారి నేను, "బావా, ఆర్కాడులో ఒకాయన తలుపు పెట్టేది మరిచిపోయి ఇల్లు కట్టినాడంట, ఇంటిల్లిపాదీ గోడ దూకి పోతా ఉండారంట" అన్నాను. ఆయన తాపీ కింద పెట్టి, చాలా బాధగా, "ఏ మేస్త్రీ రా కట్టింది?" అని అడిగాడు. ఇలాంటి బావ దొరకడం నాలాంటి బామ్మర్దికి అదృష్టం. రోజుకు పదిసార్లన్నా ఆయన్ని ఆటపట్టించకపోతే నాకు అన్నం అరిగేది కాదు.

అవి తొంభైల నాటి రోజులు. వేలూరంతా పైకి పెరుగుతోంది. ఆసుపత్రికి వచ్చే జనానికి లాడ్జీలు, తోలు వ్యాపారస్తులకు మేడలు, వీధికొక ఎస్టీడీ బూతు. ఎక్కడ చూసినా ఇటుక, సిమెంటు, కాంక్రీటు. రాతి పని అడిగేవాడే లేడు. బావ కూడా ఇటుకలే పేర్చేవాడు, ముఖం మాడ్చుకుని.

అప్పుడు వచ్చాడు హవల్దారు. గుడియాత్తం పక్క పల్లెవాడే, సైన్యంలో చేసి రిటైరయ్యాడు. హిమాలయాల్లో కొండలెక్కడం నేర్పేవాళ్లు ఎక్కడో పైన, మంచు దగ్గర, ఒక బేస్ క్యాంపు పెట్టుకున్నారు. అక్కడ వేసే రేకుల గదులు ఏటేటా గాలికి ఎగిరిపోతున్నాయి. రాతి గదులు కట్టాలి. "మా ఊరోళ్లు కడితే గాలి కూడా పర్మిషన్ అడిగి లోపలికి రావాల" అని ఈయన తన పాత ఆఫీసరుకు మాటిచ్చి వచ్చాడు.

రాతి పని అనేసరికి బావ మరుసటి రోజే ఉలులన్నీ తీసుకుపోయి సాన పట్టించుకొచ్చాడు. ఆయన 'సరే' అంటే అదే.

అక్క ఒప్పుకోలేదు. "ఒడుగత్తూరు కొండ ఎక్కితేనే ఆయాసపడే మనిషి. అంత దూరం, అంత చలి, ఏమన్నా అయితే?" అంది. ఒప్పించింది నేనే. పక్కనే ఉంటానన్నాను. చివరికి ఆమె గరిటె చేత్తో పట్టుకునే నా ముందు నిలబడి అడిగింది.

"ఎట్ల పంపిస్తా ఉండానో అట్ల తీసుకురావాల ఆయన్ని. నవ్వొద్దు. మాటియ్యి."

"తీసుకొస్తానక్కా. ఇంకా కొంచెం తెల్లగా తీసుకొస్తా, మంచులో పెట్టి."

గరిటెతో వీపు మీద ఒకటి వేసింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగింది. కానీ అన్నాను కాబట్టి రాయాలి.

కాట్పాడిలో రైలెక్కి, ఆ తర్వాత బస్సులు మారి మారి, రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడ దిగాం. నేను, బావ, ఇంకో ఇద్దరు మేస్త్రీలు, హవల్దారు. అక్కడి నుంచి నాలుగు రోజుల నడక. ఆ కొండ ఊరివాడు ఒక ముసలాయన మాకు గైడు. ఆయనకు హిందీ, మాకు తెలుగు, అరవం. మధ్యలో హవల్దారు. సామాన్లు మోసేందుకు ఆ ఊరి మనుషులే నలుగురు.

మొదటి రోజు అడవి. దేవదారు చెట్లు, కింద ఏరు, చల్లగా బాగుంది. రెండో రోజుకు చెట్లు పొట్టివయ్యాయి. మూడో రోజుకు చెట్లే లేవు. రాయి, ఆకాశం, అంతే. అన్నం ఎంత ఉడికించినా పలుకు పలుకుగానే ఉండేది. నాలుగడుగులు వేస్తే గుండె చెవుల్లో కొట్టుకునేది. నేను మాత్రం నోరు మూయలేదు. నోరు మూసుకుంటే ఊపిరి అందదని సాకు.

గైడుకు ఒక అలవాటుంది. పొద్దున లేవగానే మా అందరినీ ఒక ప్రశ్న అడిగేవాడు, తలనొప్పి ఉందా అని. ఆ తర్వాత కర్రతో నేల మీద ఒక గీత గీసి, ఒక్కొక్కరినీ దాని మీద నడవమనేవాడు, ఒక కాలి వేళ్లకు ఇంకో కాలి మడమ ఆనించి. హవల్దారు మాకు విడమరిచి చెప్పాడు: "ఎత్తుకు పోయేకొద్దీ కొంతమందికి మెదడులో నీరు చేరుతుందంటప్పా. అట్లాంటోడు తిన్నగా నడవలేడు, తూలుతాడు. తూలినోణ్ని అప్పుడే కిందికి దింపేయాల. ఇంకో మందు లేదు. దిగితే బతుకుతాడు, ఎక్కితే పోతాడు."

అంత పెద్ద మాట విన్నాక కూడా నాకు నవ్వే వచ్చింది. తాగినవాణ్ని పోలీసాయన నడిపించినట్టు ఉందన్నాను. రెండో రోజు, గీత సరిగా కనిపించడం లేదని, గోడకు వరస పట్టే నూలు బావ సంచిలోంచి తీసి, రెండు మేకులు కొట్టి, నేల మీద బిగించి కట్టాను. గైడుకు ఆ ఏర్పాటు తెగ నచ్చింది. మేమందరం దాని మీద అటూ ఇటూ ఊగుతూ నడిచాం. బావ మాత్రం చివరిదాకా వేసిన అడుగు వేసినట్టే నడిచాడు. "తొమ్మిదంగుళాల గోడ మీద సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని ముప్పై ఏళ్లు నడిచినోడు మా బావ" అన్నాను గొప్పగా. గైడు చప్పట్లు కొట్టాడు.

మూడో రోజు సాయంత్రం గుడారం దగ్గర బావ అన్నం ముట్టలేదు. తుండుగుడ్డను నుదుటికి అడ్డంగా బిగించి కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమి బావా?"

"తలకాయలో ఎవురో ఉలి పెట్టి కొడతా ఉండారు రా."

"నీ తలకాయ మన గుడియాత్తం బండే కదా బావా. అంత సులువుగా పగలదులే."

ఆయన నా ముఖం వంక చూసి, "అవునా?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

నాలుగో రోజు పొద్దున గైడు వచ్చి అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాడు, తలనొప్పి ఉందా అని. బావ నోరు తెరిచేలోపల నేనే జవాబిచ్చాను: "మా బావకు నొప్పి యాడనుంచి వస్తుందప్పా, తల ఉంటే కదా!" హవల్దారు నవ్వుకుంటూ దాన్ని హిందీలో చెప్పాడు. గైడు కూడా నవ్వి ముందుకు పోయాడు. నా జీవితంలో నేనేసిన జోకుల్లో హిమాలయాల్లో కూడా పేలింది అదొక్కటే.

తర్వాత నూలు కట్టాం. మేమంతా ఊగాం, మామూలే. బావ వంతు వచ్చింది. ఆయన ఊగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. కానీ ఆ రోజు ఆయన నూలును చూడటం లేదు. కాళ్ల వేళ్లతో నేలను తడుముతూ, చేతులు కొంచెం పక్కలకు చాపి, రెండు పక్కలా లోతు ఉందని తెలిసినవాడిలా నడిచాడు. ఒక్క అడుగు కూడా తప్పలేదు. గైడు సరేనని తలూపి మూట కట్టుకోవడానికి పోయాడు.

నూలు చివరికి వచ్చాక బావ ఆగాడు. దాని మీద నుంచి పక్కకు దిగలేదు. నా వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"నిచ్చెన పెట్టు నాయనా. దిగాల."

చదును నేల. చుట్టూ గడ్డి కూడా లేదు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత హవల్దారు పగలబడి నవ్వాడు. మిగతా ఇద్దరు మేస్త్రీలు నేల మీద కూలబడి నవ్వారు. ఇన్నేళ్లలో బావ మొదటిసారి ఒక ఎగతాళి మాట మాట్లాడాడు! నాకు గర్వంగా కూడా అనిపించింది. చూశారా, నా శిష్యుడు. "బావకు కూడా నోరొచ్చిందప్పా! కొండ గాలి మహత్యం!" అంటూ, నేను ఆ నాటకాన్ని ఇంకొంచెం సాగదీశాను. ఆయనకు ఎదురుగా పోయి నిలబడి, వంగి, ఎడమ భుజం చూపించి, "ఇదిగో బావా నిచ్చెన. జాగ్రత్తగా దిగు, మెట్లు వదులుగా ఉండాయి" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి దిగాడు.

నేను నిచ్చెనలు పట్టుకుని పెరిగినవాణ్ని. మనిషి పైనుంచి దిగేటప్పుడు ఎంత బరువు ఏ పక్కకు వస్తుందో నాకు తెలుసు. ఎగతాళికి చెయ్యి వేస్తే అంత బరువు రాదు. ఆయన ఒంట్లోని బరువంతా నా భుజం మీదికి వచ్చింది. కాలు కిందికి చాపి, నేల తగిలాక ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత కుదురుకున్నాడు. ఆయన నిజంగానే గోడ మీది నుంచి దిగుతున్నాననుకుంటున్నాడని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలియలేదని ఇప్పుడు రాయవచ్చు, ఎవరూ అడగరు. కానీ తెలిసింది. వాళ్లు ఇంకా నవ్వుతున్నారు. నేను కూడా నవ్వాను. మూట భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను.

అక్కడి నుంచి బేస్ క్యాంపు ఒక పూట నడక. మధ్యాహ్నానికి చేరాం. నాలుగు గుడారాలు, విరిగిన రేకులు, ఎదురుగా ఆకాశమంత మంచు కొండ. మేం కట్టాల్సిన చోట బండలు కుప్పలుగా పడున్నాయి. బావ వాటి దగ్గరికి పోయి కూర్చున్నాడు. చేతి తొడుగులు తీసేశాడు. ఉలి లేదు, సుత్తి లేదు, ఉత్త వేళ్లతో బండను తట్టుతున్నాడు. తట్టి చెవి పెడుతున్నాడు.

"ఏమంటా ఉండాది బావా రాయి?" అన్నాను.

ఆయన తలెత్తి నా వంక మర్యాదగా చూశాడు. పనికి కొత్తగా వచ్చినవాణ్ని చూసినట్టు.

"నువ్వు ఎవురప్పా?" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గైడు పరిగెత్తుకొచ్చి ఆయన కళ్లు తెరిచి చూశాడు, నిలబెట్టబోయాడు. కాళ్లు నిలవలేదు. గైడు ఏదో అరుస్తూ నా వైపు వేలు చూపించాడు. హవల్దారు ఆ మాటను మాకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అప్పుడే కిందికి దించాం. సామాన్లు మోసేవాళ్లలో బలంగా ఉన్న ఒకాయన, నుదుటికి పట్టీ వేసుకుని, బావను వీపు మీద కట్టుకున్నాడు. పసిబిడ్డను మోసినట్టు. నేను వెనకే నడిచాను. బావ కాలు ఒకటి నా చేతికి అందుతుండేది. దాన్ని పట్టుకుని నడిచాను. దారంతా పిలుస్తూనే ఉన్నాను. నాకు తెలిసిన ఎగతాళి మాటలన్నీ చెప్పాను. ఏ మేస్త్రీ కట్టాడని అడుగుతాడేమోనని తలుపుల్లేని ఇంటి కథ మళ్లీ చెప్పాను. ఊపిరి గురగురమనే చప్పుడు వినిపించేది. మేం పొద్దున నూలు కట్టిన చోటు దాటాం. మేకులు పీకిన గుంతలు రెండూ అలాగే ఉన్నాయి. ఇంకొంచెం కిందికి దిగాక, మొదటి పొదలు కనిపించే చోట, ఆ చప్పుడు ఆగిపోయింది. ఎండ ఇంకా ఉంది. మోసేవాడికి చెప్పకుండా నేను కాసేపు అలాగే కాలు పట్టుకుని నడిచాను. చెప్పకపోతే ఇంకా దించుతున్నట్టే కదా.

కింద ఏటి ఒడ్డున కట్టెలు దొరికాయి. బూడిదను టీ పొడి డబ్బాలో పెట్టుకున్నాం. రోడ్డు చేరాక ఎస్టీడీ బూతు నుంచి గుడియాత్తానికి ఫోన్ చేసింది హవల్దారు. అక్క ఇంటి పక్కనున్న బూతువాడు పరిగెత్తి ఆమెను పిలుచుకొచ్చాడు. అద్దం బయట నిలబడి నేను హవల్దారు పెదవులు చూశాను. ఫోను నా చేతికివ్వబోతే వద్దన్నాను.

కర్మాంతరం అయ్యాక, చుట్టాలు ఊళ్లకు వెళ్లాక, అక్క నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"చివర్న ఏమన్నా చెప్పినాడా రా?"

చివరి మాట 'నువ్వు ఎవురప్పా' అని నేనెట్లా చెప్పేది? దాన్ని మింగేసి, పొద్దున జరిగింది చెప్పాను. "అందరినీ నవ్వించినాడక్కా. నూలు మీద నడిచి, నిచ్చెన పెట్టు నాయనా, దిగాల అన్నాడు. చదును నేల మీద!" అని, నవ్వడానికి ప్రయత్నించాను.

అక్క నవ్వలేదు. ఇరవై ఏళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషి.

"మీ బావ యాడన్నా ఎగతాళి ఆడినాడా రా?"

నేను నవ్వు ఆపేశాను.

"దించినారా ఆయన్ని?"

"నేనే దించినానక్కా. భుజం పట్టినాను."

"బాగా పట్టుకున్నాడా?"

"ఊ. గట్టిగా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. లేచి పొయ్యి దగ్గరికి పోతూ, వెనక్కి తిరగకుండానే అంది.

"ఇంక ఈ కత యాడా చెప్పొద్దు నాయనా. విన్నోళ్లు నవ్వుతారు."