వాడని బ్రేకులు

మా ఆయనకి బ్రేక్ తొక్కడమంటే పరువు తక్కువ. ఎలక్ట్రిక్ కారు కొన్న దగ్గర్నుంచీ ఇదే గొప్ప. యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తీస్తే చాలు, కారు తనంతట తనే నెమ్మదిస్తుంది, ఆ ఊపంతా మళ్ళీ బ్యాటరీలోకి పోతుంది. "మా బ్రేకులు ఇంకా షోరూమ్ కండిషన్‌లోనే ఉన్నాయి, తెలుసా?" అని మేముండే షాంటిలీలో ఎవరు భోజనానికి పిలిచినా వాళ్ళకి చెప్పేవాడు. రిమోట్‌కి వచ్చిన ప్లాస్టిక్ కవరు ఏళ్ళ తరబడి తీయని వంశం మరి.

అందుకే ఆ నవంబరులో, ఏటా తప్పనిసరిగా చేయించాల్సిన సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళినప్పుడు అద్దానికి రిజెక్షన్ స్టిక్కర్ అంటించి పంపితే నాకు తల కొట్టేసినట్టయింది. వెనక బ్రేకు డిస్కులు తుప్పు పట్టాయట. వాటిని పట్టి ఆపే క్యాలిపర్ ఒకవైపు బిగుసుకుపోయిందట. అంతా వాడకపోవడం వల్లేనట. బాగుచేసుకుని రావడానికి రెండు వారాల గడువు ఇచ్చారు. షాపుకి ఫోన్ చేస్తే మూడు వారాల దాకా ఖాళీ లేదన్నారు.

మాకున్నది ఒక్కటే కారు. ఆయన ఇంట్లోంచే పనిచేస్తాడు. నేను మాత్రం రోజూ ఆఫీస్‌కి రావాల్సిందేనని కొత్త మేనేజర్ అప్పుడే తేల్చి చెప్పాడు. మా ఇంటి దగ్గర్నుంచి అటువైపు బస్సు కూడా లేదు. కారు ఆగితే నా ఉద్యోగానికి ఎసరు, దాంతోపాటు వీసాకీ.

"నేనే చేస్తా. ఎలాగూ వింటర్ టైర్లు వేయాలి, చక్రాలు ఊడదీయాలి కదా," అన్నాను.

"వీడియోలు చూసి బ్రేకులు రిపేర్ చేస్తావా? నీవల్ల కాదులే."

నాకు ఒళ్ళు మండిపోయింది. మిక్సీ జారు సరిగ్గా బిగించడం రాని మనిషి అన్న మాట అది.

మా దగ్గర కొన్నాళ్ళు ఉందామని వచ్చిన అత్తగారు సోఫాలో కూర్చుని తన పట్టుచీరల మడతలు మారుస్తున్నారు. తలెత్తకుండానే కొడుక్కి చీవాట్లు పెట్టారు. "బీరువాలో పెట్టిన పట్టుచీరే మడత మార్చకపోతే మడత మీద చిరుగుతుంది. ఇనపది, తొక్కకుండా ఉంచితే తుప్పు పట్టదురా? అమ్మాయిని చెయ్యనీ!"

శనివారం పొద్దున్నే డ్రైవ్‌వేలో రంగంలోకి దిగాను. ఈ కారు కడుపంతా బ్యాటరీ, జాకీ ఎక్కడ పడితే అక్కడ పెడితే దాన్ని పొడిచినట్టే. గుర్తు ఉన్నచోట రబ్బరు బిళ్ళ ఉంచి లేపాలి. కారు దొర్లకుండా ముందు చక్రాలకి అడ్డం పెట్టడానికి అత్తగారు తన చిన్న రోలు తెచ్చిచ్చారు. నట్లు ఎంతకీ కదల్లేదు. చివరికి రెంచ్ మీద ఎక్కి నిలబడ్డాను. ఏడాదిగా బరువు తగ్గడం లేదని ఏడుస్తున్న నేను ఆ రోజు నా ప్రతి కిలోకీ దణ్ణం పెట్టుకున్నాను.

చక్రం తీస్తే, లోపల డిస్కు అటకమీద మర్చిపోయిన ఇనప పెనంలా ఉంది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఒక పిన్ను ఉంటుంది. బిగుసుకుపోయింది అదే. నూనె కొట్టాను, తిప్పాను, లాగాను, తిట్టాను. మళ్ళీ నూనె కొట్టాను. ఉన్నట్టుండి చేతిలోకి వచ్చేసింది.

"వచ్చేసింది అత్తయ్యా!" అని నేను పెట్టిన కేకకి పక్కింటి కుక్క కూడా మొరిగింది. పిన్ను రుద్ది, గ్రీజు రాసి మళ్ళీ పెడితే వేలితో తోస్తే జారింది. మిగతా మూడు చక్రాల దగ్గరా అదే పని చేసి, వింటర్ టైర్లు బిగించాను. సరిపడా బిగుసుకోగానే రెంచ్ టిక్కుమంటుంది. ఆ చప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. అత్తగారు నాలుగు చక్రాలకీ కుంకుమ బొట్లు పెట్టారు.

ఆదివారం పొద్దున ఇండియన్ స్టోర్ తెరవకముందే దాని వెనకాల ఖాళీ పార్కింగ్‌కి వెళ్ళాం. మా ఆయన పక్క సీట్లో పైన పిడి పట్టుకుని బిగుసుకుపోయాడు. కాస్త వేగం అందుకుని, ఊపు బ్యాటరీలోకి పోకుండా న్యూట్రల్‌లో వేసి, గట్టిగా బ్రేక్ తొక్కాను. గరగరమంది, కానీ కారు తిన్నగా ఆగింది. మళ్ళీ తొక్కాను. తుప్పు రాలేకొద్దీ చప్పుడు తగ్గింది.

"ఇంకోసారి తొక్కు," అన్నాడు ఆయన. తొక్కాను. చప్పుడే లేదు.

సోమవారం ఇన్‌స్పెక్షన్‌లో చెక్ చేసే అతను చక్రాలన్నీ చూసి, ఎవరు చేశారని అడిగాడు. నేనే అన్నాను, కావలసినదానికన్నా గట్టిగా. కొత్త స్టిక్కర్‌తో నేరుగా ఆఫీస్‌కి వెళ్ళి, మేనేజర్ కన్నా ముందు నా సీట్లో కూర్చున్నాను. ఆ రోజు నన్ను పట్టేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు.

"మా ఫ్రెండ్ కారుకీ ఇదే ప్రాబ్లమ్. మా ఆవిడ చేస్తుందని చెప్పేశా. ఈ శనివారం రమ్మననా?"

"మూడు వారాల దాకా ఖాళీ లేదని చెప్పు," అన్నాను.