ఏడో నంబరు మీద రాయండి

మా వదినతో వాదనకు దిగడమంటే మన గొయ్యి మనమే తవ్వుకోవడం. ఈ సంగతి పెళ్లయిన పదిహేను రోజులకే మా అన్నయ్యకు అర్థమైంది. నాకు అర్థం కావడానికి పదకొండేళ్లు పట్టింది.

వదిన కుట్టుమిషన్ల మెకానిక్. స్కూలు యూనిఫారాలు కుట్టే మా ఫ్యాక్టరీలో నలభై మిషన్లకూ ఆవిడే డాక్టరు. జుట్టు ముడి వేసి అందులో ఒక స్క్రూడ్రైవరు గుచ్చుకుంటుంది. కుడి మణికట్టుకు దారంతో చిన్న అయస్కాంతం కట్టుకుంటుంది, కింద పడిన సూది ముక్కల్ని పట్టడానికి. కొత్తలో ఆ అవతారం చూసి మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆర్నెల్లుగా మూలపడిన మా మిక్సీని వదిన పావుగంటలో తిప్పించాక మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

మిషను పాడైందని ఎవరైనా రొప్పుతూ వస్తే వదిన కుర్చీలోంచి కదలదు. "చూశావా, విన్నావా, అనుకున్నావా?" అంటుంది. మూడింట్లో ఒకటి చెప్పి తీరాలి. దారం తెగుతోందంటే అది చూసింది. మోటారు కాలిపోయిందంటే అది అనుకున్నది. ఆ మిషను మొదట్నించీ అంతేనట అంటే అది విన్నది. చూసినదానికి మాత్రమే లేస్తుంది. పోనీ ఈ అలవాటును ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి వస్తుందా అంటే, లేదు, శుభ్రంగా ఇంటికి మోసుకొస్తుంది.

మా అన్నయ్యకో నీలం చొక్కా ఉంది. అది వేసుకున్న రోజు బస్సు టైముకు వస్తుందని ఆయన నమ్మకం. నవ్వి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. నెలంతా గోడమీది క్యాలెండరులో గుర్తులు పెట్టింది. చొక్కా వేసుకున్నది తొమ్మిది రోజులు, అందులో బస్సు టైముకు వచ్చింది నాలుగు రోజులు. వేసుకోని పదహారు రోజుల్లో ఏడు.

"అంటే ఏమిటట?" అన్నాడు అన్నయ్య గుర్రుగా.

"బస్సు డ్రైవరుకు మీ చొక్కా సంగతి ఇంకా తెలిసినట్టు లేదండీ."

"బస్సు రాని ఆ అయిదు రోజులూ నాకసలు గుర్తే లేవే!"

"మరదేనండీ నేను చెప్పేది. వచ్చిన రోజులే గుర్తుంటాయి."

ఇంకోసారి ఏదో మాటా మాటా పెరిగి, పాపం, "నువ్వెప్పుడూ ఇంతే" అన్నాడు. వదిన పెన్ను తీసింది. "ఎప్పుడూ అంటే ఎన్నిసార్లు? చెప్పండి, రాసుకుంటాను." అన్నయ్య కూరగాయలు తెస్తానని సంచీ పట్టుకుని బయటపడ్డాడు. ఇంట్లో బుట్ట నిండా కూరగాయలున్నాయి.

ఇవన్నీ చూసి నేను పడీపడీ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వనూ, నా మీదికి రానంతవరకూ.

ఇక ఫ్యాక్టరీ సంగతి. మాకక్కడ సూదంటే హడల్. విరిగిన సూది మొన ఏ కాలరులోనో చిక్కుకుని పసిపిల్ల మెడలో దిగితే ఇంకేమైనా ఉందా? అందుకని గట్టి పద్ధతి పెట్టారు. సూది విరిగితే ముక్కలన్నీ వెతికి పట్టుకుని స్టోరు కిటికీ దగ్గరికి వెళ్లాలి. అక్కడ స్టోరు పెద్దాయన వాటిని పక్కపక్కన పేర్చి, పూర్తి సూది అయిందని తేలాక, ఒక పుస్తకంలో టేపు వేసి అంటిస్తాడు. "ఏ మిషనూ?" అని అడిగి నంబరు, తేదీ రాసుకుని, మనమడిగిన సైజు కొత్త సూది ఇస్తాడు. మనిషి పేరు అడగడు, తలెత్తి చూడడు. ఏ మిషను మీద ఏం కుడతారో ఆయనకు అక్కర్లేదు. ముక్కలు సరిపోయాయా లేదా, అంతే.

హాలులో ఒక బోర్డుంది. ఏ మిషను మీద నెలకు ఎన్ని సూదులు విరిగాయో సూపర్‌వైజరు గారు దానిమీద రాయిస్తారు. నాలుగు దాటితే ఎర్ర గుర్తు, పదిమంది ముందు చీవాట్లు. అదీగాక, ఏ నంబరు మీద సూది విరిగితే ఆ నంబరు మనిషి ఆ రోజు మధ్యాహ్నం తిండి వేళలో కూర్చుని, ముక్కలన్నీ దొరికినా సరే, కుట్టిన బట్టలన్నిటినీ మళ్లీ చేత్తో తడిమి చూడాలి.

ఏడో నంబరు మిషనుకు చాలాకాలం మనిషి లేదు. ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లు దానిమీద నాలుగు పాకెట్లు కుట్టి లేచేవాళ్లు. దానిమీద విరిగితే అడిగేవాడూ లేడు, తిండి మానేసేవాడూ లేడు. ఇంకేం, మా నోళ్లు మెల్లగా అలవాటు పడ్డాయి. ఎవరి సూది విరిగినా కిటికీ దగ్గర "ఏడో నంబరు మీద రాయండి" అనేవాళ్లం. ఒకరికొకరం చెప్పుకోలేదు. ఎవరికి వారు తామొక్కరే ఆ తెలివి ఉపయోగిస్తున్నామనుకున్నాం. మనది ఒక్కటే కదా, సముద్రంలో కాకిరెట్ట అనుకున్నాం. ఈలోగా ఏడో నంబరు దరిద్రపు మిషనని పేరు పడిపోయింది. ఆ పేరు చాటినవాళ్లలో నేనే ముందు.

నాది ఇరవై రెండో నంబరు. కాలర్లు కుడతాను. అయిదు నెలలుగా బోర్డు మీద నా నంబరు పక్కన సున్నా. సూపర్‌వైజరు గారు అందరికీ నా చెయ్యి చూపించి "చెయ్యంటే అదీ" అనేవారు. నేనా చెయ్యి కాస్త పైకే పెట్టుకుని తిరిగేదాన్ని.

అప్పుడొచ్చింది పాకెట్లావిడ. యాభైకి దగ్గర్లో ఉంటుంది, నెమ్మదైన మనిషి. భర్తకు పనిపోయింది, కూతురు కాలేజీలో ఉంది, రెండు బస్సులు మారి వస్తుంది. నెల రోజులు ట్రయలు, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఏడో నంబరు మీద కూర్చోబెట్టారు.

మూడో వారానికల్లా పుస్తకంలో ఏడో నంబరు కింద పదకొండు సూదులు! మొదట్లో ఆవిడ "నావి మూడేనండీ" అని చెప్పుకుంది. ఎవరూ వినలేదు. తర్వాత్తర్వాత "ఏమోనండీ, అంతేనేమో" అనడం మొదలుపెట్టింది. రోజు మార్చి రోజు క్యారేజీ మూత తీయకుండా పాకెట్లు తడుముకుంటూ కూర్చునేది. శనివారంతో ట్రయలు అయిపోతుంది. ఆవిడ ఇంటికేనని హాలంతా తేల్చేసింది.

ఆ మాటే ఒకనాడు అన్నం తింటూ నేను ఇంట్లో అన్నాను. "ఆవిడ చెయ్యి బరువు వదినా. అందుకే విరుగుతున్నాయి."

"చూశావా, విన్నావా, అనుకున్నావా?"

"అందరూ అంటున్నారు."

"అందరూ అంటే ఎంతమంది?"

"అబ్బబ్బ, అన్నం కూడా తిననివ్వవా?" అని ఒంటికాలి మీద లేచాను. అన్నయ్య మజ్జిగ గ్లాసులోకి తలదూర్చి నవ్వుకుంటున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే వదిన కూడా బోల్తా పడింది. పుస్తకంలో ఏడు అని ఉంది కాబట్టి జబ్బు ఏడులోనే ఉందనుకుని, పది రోజులపాటు ఆ మిషనును విప్పి బిగించి, విప్పి బిగించి చచ్చింది. సూది దిగే పళ్లెం మార్చింది, దారం పట్టే కొక్కెం మార్చింది. ఏమీ దొరకలేదు. మిషను మీద కసి పెరిగిందేగాని ఇంకో దారి తోచలేదు.

చివరి వారం పాకెట్లావిడ ఒంట్లో బాగాలేదని సోమవారం నుంచి శుక్రవారం దాకా సెలవు పెట్టింది. బెల్టు అరిగిందేమో చూద్దామని వదిన ఏడో నంబరు బెల్టు ఊడదీసి తన గదిలో మేకుకు తగిలించింది. బెల్టు లేకపోతే మిషను తిరగదు. బెల్టు ఉండేది గోడవైపు, పక్కనుంచి వెళ్లేవాళ్లకు కనిపించదు. మేం చూసుకోలేదు.

శుక్రవారం టీ వేళకు వదిన నన్ను తన గదికి పిలిచింది. బల్ల మీద సూదుల పుస్తకం తెరిచి ఉంది.

"ఇవి చూడు. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి. రెండూ ఏడో నంబరు మీద విరిగాయట. ఆ రెండు రోజులూ దాని బెల్టు ఆ మేకుకుంది." నవ్వు ఆపుకోలేక నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "మనిషి లేకుండా, బెల్టు లేకుండా, తనంతట తను సూదులు విరుచుకునే మిషను! దీన్ని ఎగ్జిబిషన్లో పెట్టాలి కదే."

నాకు నవ్వు రాలేదు. బుధవారం సూది నాది.

"నేనూ దద్దమ్మనే," అంది వదిన. "పుస్తకంలో ఉందని నమ్మాను. రాసిందెవరు, వాళ్లకు చెప్పిందెవరు అని అడగలేదు. ఇప్పుడు అడిగాను. ఎవరు చెప్పారో స్టోరు పెద్దాయనకూ తెలీదట. ఇదిగో, పాకెట్లకు వాడేది పదహారో సైజు లావు సూది. ఈ నెల ఏడో నంబరు కింద పదమూడుంటే, లావువి నాలుగే. మిగతా తొమ్మిదీ పదకొండో సైజు, సన్నవి. సన్నవి వాడేది మీ కాలర్ల వరుసలో నలుగురే. మీలో ఎవరో నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుంది?" అన్నాను. ఊరుకోవచ్చుగా, పైగా దబాయించాను. "ఏం, నా మీద అనుమానమా?"

వదిన పుస్తకం మూసింది. "అనుమానం ఉంది. ఆధారం లేదు. కాబట్టి అది నా దగ్గరే ఉంటుంది. బయటికి రాదు."

ఆ సాయంత్రం నేను ముఖం మాడ్చుకుని గిన్నెలన్నీ ఠంగుఠంగుమనిపించాను. పరాయివాళ్ల కోసం సొంత ఆడపడుచును అనుమానిస్తుందా అని లోపల రగిలిపోయాను. మనసులో మాత్రం లెక్క తప్పలేదు. ఈ నెల నావి మూడు.

శనివారం పొద్దున పని మొదలవకముందు సూపర్‌వైజరు గారు అందర్నీ నిలబెట్టారు. పాకెట్లావిడ అప్పటికే సంచీ సర్దుకుని పట్టుకుంది. ఆయన నోరు తెరిచేలోగా వదిన బెల్టు, పుస్తకం పట్టుకుని ముందుకొచ్చి అంతా చెప్పింది. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశారు.

"స్టోరులో సూదులు కలిసిపోయి ఉంటాయమ్మా. నంబరు తప్పు రాసుంటారు. పోనీ మీరే చెప్పండి, ఈ సన్నవి ఎవరివి? పేరు చెప్పండి."

"పేరు నాకు తెలీదు సార్. నలుగురిలో ఎవరివో అయి ఉండాలని చెప్పగలను. అంతకుమించి ఒక్క పేరు చెప్పినా అది నేను అనుకున్నదే అవుతుంది."

"మరి పేరు లేకుండా నేనేం చెయ్యను?" అన్నారాయన. అది నిజమే. పాకెట్లావిడ తల వంచుకుంది.

వదిన నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసినా నేను పౌరుషానికి పోయి బిగుసుకుపోయేదాన్ని. చూడలేదు కాబట్టే ఆ నిమిషంలో నన్ను తప్పుబట్టడానికి నేను తప్ప ఎవరూ లేకుండా పోయారు. బోర్డు మీది సున్నా కళ్లముందు కనిపిస్తోంది. ఎంత ముద్దుగా ఉందో ఆ సున్నా, నిజం చెబుతున్నాను, దాన్ని వదలాలంటే ప్రాణం పోయినట్టయింది. చెయ్యెత్తాను.

"మూడు నావండీ," అన్నాను.

హాలు హాలంతా నా వైపు తిరిగింది. ఆ తర్వాత నా పక్క సీటులోని పొట్టామె "రెండు నావి" అంది నేలచూపులు చూస్తూ. ఆమె వెనక "నావీ రెండు." మరో మూల నుంచి "నాదొక్కటి, అదీ పొరపాట్న." లావు సూదే వాడే ప్యాంట్ల వరుసలోంచి ఒకామె "లావు వాటిల్లో మంగళవారందుంది చూశారూ, అది" అని సగంలో ఆగిపోయింది. పాకెట్లావిడవి లెక్కకు సరిగ్గా మూడే తేలాయి. సూపర్‌వైజరు గారు కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు. సన్నవాటిల్లో ఒక్కటి మాత్రం ఎవరిదో ఈ రోజుకీ తెలీదు. ఎవరి నెత్తినో రుద్దేద్దామని ఆయన ఉబలాటపడ్డారుగానీ వదిన ఒప్పుకోలేదు. ఆ గడి ఖాళీగా వదిలేయించింది.

పాకెట్లావిడను ఉంచేసుకున్నారు. నాకు ఎర్ర గుర్తు పెట్టలేదుగానీ సున్నా చెరిపి మూడు రాశారు. ఆ రోజు పుస్తకంలో నంబరు పక్కన మనిషి సంతకం కూడా పెట్టించాలని తీర్మానించారు. వదిన నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయింది. "ఇప్పుడేం చెప్పకు వదినా, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. నవ్వేసి బెల్టు బిగించడానికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పాకెట్లావిడ నా దగ్గరికొచ్చింది. చేతిలో క్యారేజీ ఉంది. అప్పటికి నేను సమాధానాలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆ సీటు మొన్నటిదాకా ఖాళీదనీ, నోటికి అలవాటైపోయిందనీ, అందరూ చేశారనీ చెబుదామనుకున్నాను.

"ఒక్క మాట అడుగుతానండీ, ఏమీ అనుకోకండి," అంది. "ఏడు అని చెప్పేటప్పుడు, అక్కడ నేను కూర్చున్నానని మీకు తెలుసా?"

సిద్ధం చేసుకున్నవేవీ ఆ ప్రశ్నకు సరిపోలేదు. రోజూ ఆవిడ సీటు పక్కనుంచే క్యాంటీనుకు వెళ్లేదాన్ని. మూత తీయని ఆ క్యారేజీని నా కళ్లతో చూశాను.

"తెలుసండీ," అన్నాను.

ఆవిడ తలూపింది. "మా అమ్మకు ఈ వయసులోనే మతిమరుపు మొదలైందండీ. చివరికి మమ్మల్ని కూడా గుర్తుపట్టలేదు. పుస్తకంలో అన్నేసి సూదులు కనిపిస్తుంటే, నేనే విరిచి మర్చిపోతున్నానేమో, నాకూ వచ్చేసిందేమో అనుకున్నాను. మా అమ్మాయికి చెప్పాలో వద్దో తెలీక మూడు వారాలు కుమిలిపోయాను. మొన్న సెలవు పెట్టింది కూడా డాక్టరుకు చూపించుకోవడానికే." చెంగుతో ముఖం తుడుచుకుంది. "పోన్లెండి. జబ్బు కాదు కదా, అదే చాలు."

నా పక్కనే కూర్చుని క్యారేజీ విప్పి, తినండంటూ మూతలో నాకూ కొంచెం పెట్టింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.