నీళ్ల మీద బండి నడిపిన డేవిడ్‌రాజు

ఎచ్చెర్ల దాటాక జాతీయ రహదారి నుంచి సముద్రం వైపు చీలిపోయే రోడ్డు ఒకటుంది. ఆ మలుపులోనే డేవిడ్‌రాజు వెల్డింగు షాపు. గేట్లు, కిటికీ చువ్వలు, విరిగిన నాగళ్లు, ట్రాక్టరు తొట్లు, పడవల ఇంజన్లు అన్నీ అక్కడికే వస్తాయి. పని బాగా చేస్తాడు, చెప్పిన రోజుకి ఇవ్వడు. ఆ రెండూ ఆ వృత్తిలో కవలపిల్లలు. షాపుకి బోర్డు లేదు, దాని అవసరమూ పడలేదు. ఆటోవాళ్ల దగ్గర్నుంచి అందరూ ‘ఐసురాజు షాపు’ అనే అంటారు. ఎదురుగా అన్నా పలుకుతాడు. మొదట్లో మాత్రం పలికేవాడు కాదు.

శ్రీకాకుళం మనిషికి ఊరు దాటడం కొత్త కాదు. తాతలు రంగం వెళ్లారు. రంగూన్‌ని మనవాళ్లు అలాగే పిలిచేవారు. తండ్రులు ఖరగ్‌పూర్ రైల్వే పనికీ, కలకత్తా జనపనార మిల్లులకీ వెళ్లారు. వెళ్లినవాడు తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని చెప్పిన దాంట్లో సగం తీసేసి వినడం ఈ పల్లెల్లో మర్యాద. బంగారం పూసిన గోపురాల గురించి చెప్పిన రంగం తాతలకీ అదే జరిగింది. డేవిడ్‌రాజు వంతు వచ్చేసరికి దేశం రష్యా అయింది. 2013లో వెళ్లాడు. ఉత్తరాన ఎక్కడో గ్యాసు ఫ్యాక్టరీ కడుతున్నారు, గొట్టాలు అతకడం పని. మూడు చలికాలాలు అక్కడే గడిపాడు.

మనకి మంచు అంటే పుష్యమాసంలో పొలాల మీద తెల్లగా కూర్చునే పొగ. గడ్డకట్టడం అంటే చలికాలం పొద్దున్న సీసాలో కొబ్బరినూనె చేసే పని. చెరువు కూడా ఆ పని చేస్తుందనీ, చేశాక దాని మీద లారీలు తిరుగుతాయనీ అంటే ఎవరైనా నవ్వుతారు. పాత యాత్రికులు చెప్పుకునే కథ ఒకటుంది. చలిదేశం నుంచి వచ్చిన రాయబారి సయాం రాజుగారి కొలువులో తమ వింతలన్నీ చెబుతున్నాడట. అన్నీ నమ్ముతూ వచ్చిన రాజు, చలికాలంలో నీళ్లు గట్టిపడి ఏనుగుని కూడా మోస్తాయనేసరికి, ఇంతసేపూ నిన్ను పెద్దమనిషివనుకున్నానే అని మొహం తిప్పుకున్నాడట. రాజుగారి తప్పేమీ లేదు. ఎండలో పుట్టిన బుర్రకి ఆ మాట ఎక్కదు.

డేవిడ్‌రాజుకీ మొదట ఎక్కలేదు. అలెక్సీ అని అతని మేస్త్రీ ఒకడు, చెరువు మీదికి రమ్మంటే గట్టు మీదే నిలబడిపోయాడు. చెరువంటే మన పెద్ద చెరువులు పది కలిపినంత. దాని మీద ఆదివారాలు పందేలు జరిగేవి. మోటారు సైకిళ్లు ఒక వరస, నాలుగేసి లావు చక్రాలున్న బళ్లు మరొక వరస. వాటిని క్వాడ్లు అంటారు, చూడ్డానికి దూడ మొహం వేసుకున్న ట్రాక్టర్లలా ఉంటాయి. చక్రాలు జారకుండా టైరు లోపలి నుంచి బయటికి మొనలు వచ్చేలా స్క్రూలు బిగిస్తారు. ఆ తలలు రాసుకుని ట్యూబు చిరగకుండా లోపల పాత ట్యూబు ముక్క పరుస్తారు. ఇనుమూ రబ్బరూ కలిసిన పని కాబట్టి డేవిడ్‌రాజు చెయ్యి అటే వెళ్లింది. మొదటి ఏడు విరిగిన క్వాడ్ చట్రాలు అతికాడు. రెండో ఏడు టైర్లకి కోరలు పెట్టాడు. మూడో ఏడు అలెక్సీ తన పాత బండి ఒకటి ఇచ్చి, నువ్వూ దిగవయ్యా అన్నాడు.

దిగాడు. అక్కడే మన ఊరి బుద్ధి అడ్డం వచ్చింది. చెరువు దగ్గర పెరిగిన పిల్లవాడికి తల్లి మొట్టమొదట నేర్పేది ఒకటే, నడిమధ్యకి వెళ్లకు, గట్టు పట్టుకుని ఉండు అని. బండి ఎక్కగానే డేవిడ్‌రాజు కాళ్లలోకి ఆ మాట వచ్చి కూర్చుంది. మిగతావాళ్లు నడిమధ్య నుంచి దూసుకుపోతుంటే ఇతను భద్రం కదా అని గట్టు వారకి జరుగుతూ, తుంగ మొలిచిన చోటికి వచ్చాడు. ఆ చెరువుల ధర్మం వేరు. నడిమధ్యే రాయిలా ఉంటుంది. ఒడ్డున తుంగ ఉన్నచోట, వాగు వచ్చి కలిసేచోట పలచన. ముందు చక్రం కిందికి దిగింది, వెనకాలే మనిషి దిగాడు. చంకల దాకా నీళ్లు. పట్టుకున్న ఐసు పెచ్చు పట్టుకున్నట్టే విరుగుతోంది. అలెక్సీ, ఇంకొకతను బోర్లా పడుకుని పాములా పాకుతూ వచ్చి తాడు విసిరారు. అది చేతికి అందేలోగా డేవిడ్‌రాజు దేవుడికి మాట ఇచ్చేశాడు. బతికి ఇల్లు చేరితే ఏటా ఒకసారి మా సంఘం ఎదుట నిలబడి ఈ సంగతి చెప్పి నీకు వందనాలు చెప్పుకుంటాను అని.

వాళ్లది పాత బాప్టిస్టు సంఘం. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం కృతజ్ఞత కూడిక పెడతారు. గడిచిన ఏడాదిలో జబ్బు నుంచి లేచినవాళ్లు, ప్రమాదం తప్పినవాళ్లు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెబుతారు. 2017లో డేవిడ్‌రాజు లేచాడు. పాము కరిచి బతికినామె తరవాత, బస్సు బోల్తా పడి బయటపడినతని తరవాత ఇతని వంతు. చెరువు గట్టిపడిందన్నాడు, జనం ఓర్చుకున్నారు. దాని మీద బండ్లు పరిగెత్తాయన్నాడు, కిచకిచలు మొదలయ్యాయి. నడిమధ్య గట్టిగా ఉంది, గట్టు పక్కన విరిగింది అనేసరికి ఆడవాళ్ల వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, పిల్లలు గొల్లుమన్నారు.

సోమవారానికల్లా ఆ నవ్వు రోడ్డెక్కింది. సముద్రం రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ ఉంది, అక్కడ యంత్రం నడిపే నూకయ్య డేవిడ్‌రాజుకి చిన్ననాటి నేస్తం. షాపుకి వచ్చి నిలబడ్డాడు.

“ఒరే రాజూ, ఏసుప్రబువు నీల్ల మీద నడిసినాడంటే దేవుడు గనక నడిసినాడు. నువ్వేటిరా, ఏకంగా బండే నడిపీసినావట?”

చేపల తట్ట దించుకుని నీడలో కూర్చున్న దాలమ్మ అందుకుంది. “ఒలే సత్తెవతీ, మీ ఆయన్ని మా సెరువు మీదికి ఓపాలి పంపవే. అవతలి గట్టుకి తవుడు బస్తాలున్నాయి, దించేత్తాడు.”

సత్యవతి డేవిడ్‌రాజు భార్య. నోరున్న మనిషి. “నీ తట్ట కూడా ఎక్కించుకెల్తాడు గానీ, ఆ కంపుకి సెరువే గడ్డకట్టీగలదు, ఊరుకో,” అంది. అని లోపలికి వెళ్లి మొగుణ్ణి దులిపేసింది. “ఫొటో ఒక్కటి తియ్యించుకుంటే నీ సొమ్మేటి పోయింది?”

“తీసినారే. ఆ ఫోను నాతోనే ములిగిపోనాది.”

“బాగుంది. మనిసిని దేవుడు లాగినాడు, ఫోన్ని ఒదిలీసినాడు.”

మరుసటి జనవరిలో కూడికకి ముందే సంఘపెద్ద జాన్ మాస్టారు అతన్ని పక్కకి పిలిచాడు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ మనుషుల్ని వరసలో నిలబెట్టినట్టే మాట్లాడతాడు. చెడ్డవాడు కాదు, కూడిక క్రమంగా జరగాలన్నది ఒక్కటే ఆయన పట్టుదల.

“డేవిడ్, అబద్దమైనా అతికినట్టుండాలి. సెరువు మజ్జిలో ములిగిపోనానంటే ఒక అందం. మజ్జిలో బాగున్నాదట, గట్టు కాడ ఇరిగిపోనాదట! పిల్లలు నవ్వుతన్నారురా. వాల్లు నవ్వితే ప్రార్తన సెడిపోతాది. ఇంక నువ్వు లెగవొద్దు.”

“మాట ఇచ్చినాను, మాస్టారూ.”

“ఇచ్చినోడికి ఇంటికాడ మోకరించి సెప్పుకో. ఆయనికి ఇనబడదేటి?”

“ఇంటికాడ అన్లేదండీ. సంగం ఎదట అన్నాను.”

మాస్టారు తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాడు. ఆ ఏడు డేవిడ్‌రాజు లేవలేదు. బైటికి ఏమీ మారలేదు. గేట్లు చేశాడు, ఆదివారం గుడికి వెళ్లాడు, పాటలు పాడాడు. కానీ నడిరోడ్డున లారీ రాసుకుపోయినా, వెల్డింగు నిప్పురవ్వ చొక్కాలో పడ్డా, మాట తప్పినవాణ్ణి కదా అని ఉలిక్కిపడేవాడు. ఏటా అన్నాడు. ఏడు తిరిగిపోతోంది. డిసెంబరు వచ్చేసింది.

అప్పుడు వాయుగుండం పట్టింది. వేటకి వెళ్లొద్దని మైకులో చెప్పారు. పడవలన్నీ ఇసకలోకి లాగేశారు. పడవలు ఆగితే ఐసు ఎవరికి కావాలి? ఫ్యాక్టరీలో అప్పటికే తయారైన దిమ్మలు అలాగే ఉండిపోయాయి. నూకయ్య మళ్లీ షాపుకి వచ్చాడు. ఈసారి మొహంలో ఎగతాళి సగమే ఉంది.

“రాజూ, మా షావుకారు దిమ్మలు పారబొయ్యమన్నాడు. నడవా పొడుగునా పరిపించీనా? నిజంగా దాని మీద బండి నడపగల్నని నీకు నమ్మకం ఉంటేనే సెప్పు. లేదంటే నా పరువు కూడా పోతాది.”

డేవిడ్‌రాజు చేతిలో గేటు పక్కన పెట్టేశాడు. ఆ గేటు తాలూకు మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు కూడా. తన మోటారు సైకిలుకని రెండు పాత టైర్లు తీసి స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. సత్యవతి పక్కన కూర్చుని పాత ట్యూబుని పట్టీలుగా కోసి ఇచ్చింది.

ఐసు ఫ్యాక్టరీ అంటే పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క ఉప్పునీటి తొట్టి, అందులో ఇనప డబ్బాలు, అవతల యంత్రం. కళ్లు మండించే అమ్మోనియా వాసన. పనివాళ్లు కొక్కేలతో లాగి దిమ్మలని నడవా పొడుగునా రెండేసి చొప్పున పరిచారు. సందుల్లో పిండి ఐసు కూరారు. వార్త ఎలా పాకిందో గానీ, వేట లేని ఊరు కదా, జనం గుంపులుగా వచ్చేశారు. ఆదివారం ఆరాధన అయిపోయిన వేళ కావడంతో సంఘంవాళ్లు చేతిలో బైబిళ్లతోనే వచ్చారు. వాళ్లని వెనక్కి తీసుకుపోదామని వచ్చిన జాన్ మాస్టారు తనూ ముందు వరసలో నిలబడిపోయాడు.

డేవిడ్‌రాజు బండి ఎక్కాడు. చక్రం ఐసుని కొరకడం మొదలుపెట్టింది. కరకరమని చప్పుడు, వెనక తెల్లటి పొడి. వేగమేమీ లేదు. షెడ్డులో వేగం ఏముంటుంది? కానీ చక్రం జారలేదు. ఆ చివరిదాకా వెళ్లి, బ్రేకు వేసి, గోడకి జానెడు దూరంలో ఆపాడు. దించి తిప్పుకుని మళ్లీ ఈ చివరకి వచ్చాడు.

దాలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఓలమ్మో! పట్టుకున్నాదే!”

“సక్రం గొప్ప కాదు,” అన్నాడు మాస్టారు. “ఐసు గరుగ్గా ఉన్నాదేమో. ఏదీ, సూణ్ణీ.” అని డ్రిల్లులో మొదటి అడుగు వేసినట్టు ఠీవిగా చెప్పుల కాలు దిమ్మ మీద పెట్టాడు. రెండో కాలు పెట్టే అవసరం రాలేదు. మొదటిది ఆయన్ని వదిలేసి ముందుకు వెళ్లిపోయింది. ధబ్బుమని కూలబడి, కూర్చున్న పళంగా రెండు దిమ్మలు జారి ఆగాడు.

నవ్వనివాడు పాపాత్ముడు. నూకయ్య మాత్రం బుద్ధిగా గోనెసంచి తెచ్చి ఆయన కింద దూర్చాడు. “గరుగ్గా ఉన్నాదా, మాస్టారూ?”

మాస్టారు నడుం పట్టుకుని సర్దుకున్నాడు. పడినా తర్కం వదిలే మనిషి కాదు. “ఒప్పుకున్నాను. ఐసు మీద బండెల్తాది. కానీ ఈ ఐసు నూకయ్య యంత్రంతో సేసినాడు. సెరువుకి యంత్రం ఎవుడెట్టినాడురా?”

జనం మళ్లీ గొణిగారు. నిజమే కదా అన్నట్టు తలలు ఊగాయి. డేవిడ్‌రాజు బండి హేండిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంత చేసినా గుడిలో లేవనివ్వరని అతనికి అర్థమైంది.

అప్పుడు సత్యవతి చుట్టూ చూసింది. పాట ఎత్తుకునే రూబీ ఉంది. చందా పళ్లెం పట్టే షీబా ఉంది. పాము కరిచినామె ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు, నవ్వే పిల్లలు, సంఘపెద్దతో సహా అందరూ ఉన్నారు. ఆయనైతే లేవలేని స్థితిలో ఉన్నాడు.

“ఏటయ్యా అలగ సూస్తన్నావు? గుడి అంటే గోడలేటి? సంగమంతా ఇక్కడే ఉన్నాది. సెప్పీ!”

“ఒలే సత్యవతీ...” అన్నాడు మాస్టారు లేవబోతూ. నడుం పట్టేసింది. మళ్లీ గోనెసంచి మీదికే దిగాడు.

డేవిడ్‌రాజు బండికి స్టాండు వేశాడు. తల గుడ్డ తీశాడు. చెప్పాడు. చెరువు, గట్టు, తుంగ, విరిగిన పెచ్చులు, పాములా పాకుతూ వచ్చిన ఇద్దరు మనుషులు, తాడు, అన్నీ చెప్పాడు. గట్టు దగ్గరే పడ్డానని, మజ్జిలో కాదని, ఎప్పటిలాగే చెప్పాడు. కాళ్ల కింద చల్లటి నీళ్లు పారుతుండగా వింటున్నందువల్లో ఏమో, ఈసారి పిల్లలు నవ్వలేదు. నమ్మారో లేదో తెలియదు. చివర్న, “నన్ను పైకి లాగినందుకు దేవునికి వందనాలు,” అని ఊరుకున్నాడు.

సాక్ష్యం అయ్యాక సంఘపెద్ద ఒక మాట అనాలి. అది అంటేనే ముగిసినట్టు. అందరూ గోనెసంచి వైపు చూశారు. జాన్ మాస్టారు కాసేపు రేకుల కప్పు కేసి చూశాడు. క్రమం తప్పడం ఆయన వల్ల కాదు.

“ఆమెన్,” అన్నాడు, గట్టిగానే.

తరవాత ఇద్దరు చంకల కింద చేతులు వేసి ఆయన్ని లేవదీశారు.